ఒంటరి ప్రయాణానికి పన్నెండుమంది తోడు

హిందూపురంలో తెల్లవారి ఆరింటికి టెంపో కదలబోతుండగా, ప్రేమ్ కుమార్ ప్రేమకు మొదటి అడ్డంకి బ్యాగు రూపంలో ఎదురైంది. కిటికీ పక్క సీట్లో ఝాన్సీ కూర్చుని ఉంది. ఆమె పక్క సీట్లో ఆమె బ్యాగు కూర్చుని ఉంది. కాలు మీద కాలు వేసుకోలేదన్న మాటే గాని, ఆ బ్యాగు ఠీవికి లోటేమీ లేదు.

"ఈ సీటుకు మనిషుండాడా?" అని అడిగాడు ప్రేమ్ కుమార్.

"లేడు. అందుకే బ్యాగు పెట్టినా," అంది ఝాన్సీ, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

అతను వెనక్కి పోయి స్టెప్నీ టైరు పక్కన కూర్చున్నాడు. రెంటికీ గాలి తక్కువగానే ఉంది.

ప్రేమ్ కుమార్ పారిశ్రామికవాడలో ఒక బట్టల కంపెనీలో సూపర్‌వైజరు. షిఫ్టు మొదట్లో తలలు లెక్కపెట్టడం, చివర్లో అవే తలలు మళ్ళీ లెక్కపెట్టడం, మధ్యలో తన తల పట్టుకోవడం అతని ఉద్యోగం. ఆ అలవాటుకొద్దీ టెంపోలోనూ లెక్కపెట్టాడు. డ్రైవర్ ఫయాజ్‌ను వదిలేస్తే, తనతో కలిపి పద్నాలుగు తలలు. అందరూ బయల్దేరింది ధర్మవరానికి, అతని చిన్నాన్న కూతురు రోజాకు పెళ్ళి పట్టుచీరలు తీయడానికి.

రోజాకు చీర ఖాయం. రెండో చీర ఒకటి తీయాలా వద్దా అన్నది మాత్రం ఝాన్సీ చేతిలో ఉంది. రోజాకు స్నేహితురాలు, పరిగిలో టీచరు, చర్చిలో పాడేటప్పుడు ప్రేమ్ కుమార్ చేత పాట మరిపించే మనిషి. రెండు ఇళ్ళవాళ్ళూ వీళ్ళిద్దరికీ సంబంధం మాట్లాడుకున్నారు. ఝాన్సీ ఒక్కతే ఇంకా ఊఁ అనలేదు.

ఆమెకొక అలవాటు ఉంది. ఏటా సెలవుల్లో ఒంటరిగా ఊర్లు తిరుగుతుంది. హంపి చూసింది, గోకర్ణం చూసింది. ఆమెను చూడ్డానికొచ్చిన రెండు సంబంధాలవాళ్ళు మాత్రం ఈ సంగతి విని ఆమెను పూర్తిగా చూడకుండానే పోయారు. అందుకే ఈసారి ముందే తేల్చి చెప్పింది. మీ గుంపుతో వస్తాను, మీతోనే తింటాను, చీరలూ చూస్తాను. కానీ పెనుకొండలో మూడు గంటలు నన్ను వదిలేయండి, కోటకొండ ఒక్కదాన్నే ఎక్కి దిగుతాను. మూడు గంటలు వదల్లేనివాళ్ళు ముప్పై ఏళ్ళు ఎట్ల వదుల్తారు? వెనక ఒక్కరొచ్చినా నా జవాబు కాదనే. ఎవరూ రాకపోతే ధర్మవరంలో సాయంత్రంలోగా చెప్తాను.

ధర్మవరం పట్టు చాలా గట్టిది అంటారు. ఝాన్సీ పట్టు చూసినవాళ్ళు ఆ మాట అనరు.

ప్రేమ్ కుమార్ బైబిలు మీద చెయ్యి పెట్టినంత గట్టిగా మాటిచ్చాడు. నాయన ఏసుదాసు, అమ్మ ప్రమీల, అవ్వ కొండమ్మ, పిన్నమ్మలు, మేనత్తలు, ఆఖరికి రోజాతో సహా అందరూ తలూపారు. ఇక్కడే ఒక చిక్కుంది. ఆ వంశంలో ఆడది పక్కింటికి ఉప్పు బదులుకు పోవాలన్నా ఇంకొకరు తోడు పోతారు. ఆ ఇంకొకరు ఒంటరిగా తిరిగి రాకూడదని మూడో మనిషి ఎదురు పోతుంది. తోడు మరీ ఎక్కువైతే తోడేలౌతుందని వాళ్ళకెవరూ చెప్పలేదు.

పెనుకొండలో దిగగానే ఝాన్సీ నీళ్ళబాటిలూ, బొరుగుల ఉగ్గాని డబ్బా తీసుకుని, చెయ్యి ఊపి, కొండదారి పట్టింది. మిగిలినవాళ్ళు ఎంత బుద్ధిగా చెట్టునీడన కూర్చున్నారంటే ప్రేమ్ కుమార్‌కు అప్పుడే అనుమానం రావలసింది. ఫయాజ్ బాబయ్య దర్గాకు పోయి వస్తానన్నాడు. ప్రేమ్ కుమార్ టెంపోలో కూర్చుని కొండ వైపు చూడకుండా ఉండే ప్రయత్నంలో పడ్డాడు. పెనుకొండలో కూర్చుని కొండను చూడకపోవడం, పెళ్ళిలో కూర్చుని పాయసం చూడకపోవడం లాంటిది.

గంటన్నర తర్వాత ఫయాజ్ తిరిగొచ్చి, మీవాళ్ళు యాడ సార్ అన్నాడు. ప్రేమ్ కుమార్ చెట్టు కింద లెక్కపెట్టాడు. ఏడు జతల చెప్పులు, రెండు చాపలు, ఒక తమలపాకుల సంచి. తలలు సున్నా.

ఫయాజ్ నిదానంగా చెప్పుకొచ్చాడు. దర్గాకు పోయే దారిలో ప్రమీలమ్మ ఎదురైందట, చింతపండు కొనాలంటూ కొండవైపు పోయిందట. ఏసుదాసు టీ తాగాలన్నాడట, ఆయనా కొండవైపే. మోకాళ్ళనొప్పుల కొండమ్మవ్వ కాళ్ళు పట్టేసినాయి, కాస్త అటూఇటూ నడిచొస్తానని నడిచిందట. అటు పోయింది గాని ఇటు రాలేదు.

"కొండ మీద చింతపండు దొరకదు గదప్పా," అన్నాడు ప్రేమ్ కుమార్.

"దొరకదు సార్. కోతులు దొరుకుతాయి," అన్నాడు ఫయాజ్.

ప్రేమ్ కుమార్ కళ్ళముందు రెండో చీర మడత పెట్టుకుని బీరువాలోకి పోయింది.

కొండ మీద జరిగింది తర్వాత పన్నెండు నోళ్ళు పన్నెండు రకాలుగా చెప్పాయి. సారం ఒకటే. ఎవరికివారు, తామొక్కరే దొంగచాటుగా పోతున్నామని నమ్మి పోయారు. పాపం పిల్ల ఒక్కతే, ఏమన్నా అయితే మాట మనకే కదా అని. ఝాన్సీ పైన బండమీద కూర్చుని డబ్బా మూత తీసింది. సరిగ్గా అప్పుడే ఒక కోతి, పక్క రాతిగుండు చాటున దాక్కున్న కొండమ్మవ్వ చేతిలోని పులిహోర పొట్లం లాగింది. చర్చిలో మైకు లేకుండా సాక్ష్యం చెప్పగల గొంతు అవ్వది. ఆ గొంతుతో ఆమె కోతి వంశాన్నంతా తిడుతుంటే, ఆమెకేమైందోనని ప్రమీల ఒక గుండు వెనకనుంచి లేచింది. భార్యను చూసి ఏసుదాసు ఇంకో గుండు వెనకనుంచి లేచి, నువ్వెందుకొచ్చినావు, ఇచ్చిన మాట యాడ పోయింది అని కోప్పడ్డాడు. ఆ తర్వాత కోట గోడ పొడుగునా తలలు మొలిచాయి.

కిందనుంచి ప్రేమ్ కుమార్‌కు కనిపించింది దిగిరావడం మాత్రమే. ముందు ఝాన్సీ. వెనక వరుసలో, తలలు వంచుకుని, చాలామంది వట్టికాళ్ళతో పన్నెండుమంది. శిష్యుల లెక్క సరిగ్గా సరిపోయింది. కాకపోతే అందరూ యూదాలే.

ఝాన్సీ నేరుగా టెంపో దగ్గరికొచ్చి నిలబడింది. కోపంగా లేదు. కోపమైతే బాగుండేదని ప్రేమ్ కుమార్‌కు అనిపించింది. ఊరికే అలిసిపోయినట్టుంది, మూడో సంబంధం కూడా ముగిసిపోయిన మనిషిలా.

"పైన పన్నెండుమందిని లెక్కపెట్టినా. మీరు లేరు," అంది.

"లేను."

"ఎందుకు రాలేదు?"

మాట ఇచ్చాను కాబట్టి అంటే సరిపోయేది. వెనక నాయన కూడా అదే అనమని కనుబొమలతో సైగ చేస్తున్నాడు. కానీ ప్రేమ్ కుమార్‌కు తప్పుడు హాజరు వేసే అలవాటు లేదు.

"మూడుసార్లు లేచినా. ఒకసారి పదహారు మెట్లు గూడా ఎక్కినా. మళ్ళా దిగినా."

"ఎందుకు దిగినారు?"

"మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఎట్లుంటారో చూడాలనిపించింది. నేను చూస్తే ఒక్కరే ఉండరు గదా. అందుకని దిగినా."

ఝాన్సీ కొండమెట్ల వైపు ఒకసారి చూసింది. తుంపర మొదలైంది. ఈ సీమలో వాన దూరపు చుట్టం లాంటిది, పిలిస్తే రాదు, వచ్చినా కూర్చోదు. నాలుగు చినుకులు చల్లి అదీ పోయింది.

కొండమ్మవ్వ వరుసలోంచి ముందుకొచ్చింది. "తప్పు మాది, పాపా. వానిది కాదు. పోవద్దురా అంటే పోకుండా ఉండే గుణం మా ఇంట్లో ఎవరికీ లేదు, వానికి యాడనుంచి వచ్చిందో ఏమో. నీ జవాబు నువ్వు చెప్పు. నా కొడుకు కోడలు గూడా ఏమీ అనరు," అంది.

"సాయంత్రంలోగా అన్నాను గదవ్వా. ఇంకా టైముంది. మీరు బండిలో పోండి. నేను రైల్లో వస్తాను."

"ఒక్కదా..." అనబోయి అవ్వ పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

ఝాన్సీ బ్యాగు భుజాన వేసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఈయప్ప కావాలంటే రావచ్చు. వేరే బోగీలో."

స్టేషన్‌లో టికెట్లు వేర్వేరుగా తీసుకున్నారు. ఆమె ముందు బోగీ ఎక్కింది, అతను దాని వెనక బోగీ. ఇంతకుముందు ఇంత దూరం నుంచి ఇంత దగ్గరగా ప్రయాణం చేసినవాడు ఉండడు. ప్రేమ్ కుమార్ తన కిటికీ సీట్లో కూర్చుని, అలవాటుకొద్దీ పక్క సీట్లో కర్చీఫు వేశాడు.

పూలగంపతో ఎక్కిన ఒక అవ్వ దాన్ని తేరిపార చూసి, గుడ్డకు టికెట్టుందా నాయనా అని అడిగింది. మనిషి వస్తుందన్నాడు. ఎప్పుడంది. తెలీదన్నాడు. అసలు వస్తాననిందా అంది. అనలేదన్నాడు. అవ్వ జాలిపడి, అయితే వచ్చేదాకా నా గంప ఈడ పెట్టుకోనీ, సీటు వెచ్చగా ఉంటుందని కర్చీఫు మీద గంప పెట్టి ఎదురుగా కూర్చుంది.

బోగీలో భోగంగా కూర్చోవలసినవాడు యోగిలా కూర్చున్నాడు. లేచి ముందు బోగీలోకి తొంగి చూద్దామని రెండుసార్లు అనిపించింది. పదహారు మెట్లు గుర్తొచ్చి కూర్చున్నాడు. ప్రశాంతి నిలయం స్టేషను వచ్చింది, పేరు బోర్డు మీదే ఉంది గాని అతనికి ప్రశాంతి దొరకలేదు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, రైలు కూత వేసింది.

"ఈ సీటుకు మనిషుండాడా?"

బ్యాగుతో ఝాన్సీ నిలబడి ఉంది. ప్రేమ్ కుమార్ గంప ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె కూర్చుని, బ్యాగు పక్కన పెట్టకుండా కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఉగ్గాని డబ్బా మూత తీసింది. పొద్దున కొండమీద తినకుండా మిగిలిందంతా అందులోనే ఉంది.

"వచ్చే వేసవికి బాదామి పోతాండా. ఒక్కదాన్నే," అంది.

"పోండి."

"ఆ తర్వాత ఏడాది ఇద్దరం. వేరే బోగీ అక్కర్లేదు."

ఎదుటి అవ్వ మల్లెపూలు ఒక మూర కోసి ఝాన్సీ చేతిలో పెట్టింది. దుడ్లు అడగలేదు.

ధర్మవరం ఇంకా రాకముందే ఫోను మోగింది. ప్రమీల ఫోను, కొండమ్మవ్వ గొంతు. పన్నెండుమందీ ఒకే ఫోను మీద వాలినట్టు ఊపిరి వినిపిస్తోంది. అవ్వ యాడుండావని అడిగింది, అన్నం తిన్నావా అని అడిగింది, ఇక ఆపుకోలేక అసలు సంగతికొచ్చింది.

"ఒరే ప్రేమూ, తోడెవరన్నా ఉండారా లేదా?"

ప్రేమ్ కుమార్ ఝాన్సీ వైపు చూశాడు. ఆమె నోట్లో ఉగ్గాని ఉంది. అవునని తలూపింది.

"తోడెవరూ లేరవ్వా. ఒంటరిగానే వస్తాండాం," అన్నాడు. "ఇద్దరం. రెండో చీర తీసి పెట్టండి."