పంపు ఆగిన శుక్రవారం

"నీ కోడలి చదువు నన్ను ముంచేసేదమ్మా ఇవాళ!"

తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డ నాగదుర్గారావు ఆ మాట తల్లితో అన్నాడు కానీ, అది వెళ్లి అతని భార్య వీరదుర్గ గుండెల్లో గుచ్చుకుంది. కొల్లేరు మధ్యలో గాలీ వానా ఒక్కసారే కమ్ముకొచ్చాయట! పడవలోకి నీళ్లు చేరుతుంటే, తోడిపోసే పంపు కాస్తా ఆగిపోయిందట! నొప్పి భుజంతోనే బకెట్టు పట్టుకుని తోడుకుంటూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒడ్డుకొచ్చాడు...

ఆ భుజం కోసమే కదా ఆ పంపు! తాడేపల్లిగూడెంలో చదివిన ఎలక్ట్రికల్ డిప్లొమా పప్పు తాలింపుకి ఎలాగూ పనికిరాలేదు. అందుకే ఏలూరు నుంచి బ్యాటరీ, పంపు, ఫ్యూజు తెచ్చి, తన చేత్తోనే వైర్లు బిగించింది. "మా ఆవిడ ఇంజినీరండీ!" అని రేవంతా చెప్పుకు తిరిగిన మనిషే ఇప్పుడు...

"ఆ వైర్లన్నీ పీకి అవతల పారేస్తాను. ఇంకెప్పుడూ నా పడవ మీద చెయ్యి వెయ్యకు!"

"ఒక్కసారి చూడనివ్వండీ... తర్వాత మీ ఇష్టం," అంది ఏడుపు దిగమింగుకుంటూ.

రేవులో బ్యాటరీ పెట్టె మూత తీసి నిర్ఘాంతపోయింది. ప్లస్సనీ మైనస్సనీ తేడా లేకుండా రెండింటికీ తడి పసుపు, పైన ఓ బంతిపువ్వు! ఆ పూతల కింద చిలుమెక్కిపోయిన వైరు కొస ముట్టుకోగానే ఊడి చేతిలోకొచ్చింది.

వెనకాలే వచ్చిన అత్తగారు మంగాయమ్మ వేళ్లవంక వీరదుర్గ చూసింది. పచ్చగా ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం పొద్దున్నే ఆవిడ రేవుకొచ్చేది ఇందుకా!

"ఏమైంది?" ఒడ్డు మీంచే గద్దించాడు భర్త.

ఒక్క మాట చెబితే చాలు, ఈ నింద పోతుంది. కానీ కొడుకు క్షేమం కోసం తల్లి పెట్టిన పసుపుని తప్పని ఎలా అనడం?

"నట్టు సరిగ్గా బిగించలేదండీ... నా తప్పే."

తలొంచుకుని ఫ్యూజు తీసేసి, వంటసోడా నీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దసాగింది. నురగ ఎర్రగా పొంగింది! కొడుక్కి దిష్టి తియ్యడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసిన చెయ్యి మంగాయమ్మది. ఆ ఎరుపేమిటో ఆవిడకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"అది... నా పసుపే కదే?"

వీరదుర్గ తలెత్తకుండా ఇంకా గట్టిగా రుద్దింది.

"ఒరే నాన్నా, దాన్నేం అనకురా! నీ ప్రాణం కాసే వస్తువని వారం వారం తడి పసుపు మెత్తింది నేనురా... చేతులారా నేనే నిన్ను ముంచబోయాను!" బావురుమంది మంగాయమ్మ. "నీకు నోట్లో మాట లేదటే పిచ్చిదానా? ఊరికే తిట్లెందుకు తిన్నావే!"

"మీరు ఆయన చల్లగా ఉండాలనే పెట్టారు అత్తయ్యా... నేను పంపు పెట్టిందీ అందుకే. ఇంక ఎవరిని తప్పుపట్టను?"

నాగదుర్గారావు పడవలోకి దిగి, "స్పానర్ ఏది ఇమ్మంటావు?" అన్నాడు మెల్లిగా. క్షమాపణ అడగడం అంతకంటే రాదు అతనికి. వీరదుర్గకి అదే చాలు... కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది.

పై శుక్రవారం మంగాయమ్మ మళ్లీ పసుపు గిన్నెతో రేవుకొచ్చింది. ఈసారి పెట్టె మూత మీద మాత్రమే మూడు బొట్లు పెట్టి, మూత తీయించి, "లోపల వాటికేం పెట్టాలన్నావే?" అంది.

"గ్రీజండీ అత్తయ్యా. తడి తగలకుండా."

ఆవిడ ఉంగరపు వేలితో గ్రీజు తీసి, ప్లస్సుకీ మైనస్సుకీ భక్తిగా అద్దింది. ఆ వేలే కళ్లకద్దుకోబోతుంటే, నవ్వూ ఏడుపూ కలిసొచ్చి, వీరదుర్గ చటుక్కున అత్తగారి చెయ్యి పట్టుకుంది.