శిక్షణ గదిలో వేలాడేది

మూడో అంతస్తు చివర శిక్షణ గది వైపు రాత్రిపూట ఏ నర్సూ తొంగిచూడదు. అందులో ఏదో గాల్లో వేలాడుతుందట... మూలుగుతుందట.

పగలు మాత్రం సూపరింటెండెంటుగారు అక్కడే నర్సులకి నడుంనొప్పి రాకుండా పాఠం చెప్పేవారు. దూది కుక్కిన బొమ్మని రోగి అనుకోమని, అవలీలగా ఎత్తి చూపించేవారు. "ఇంతేగా! దీనికింత ఏడుపెందుకమ్మా?" రోగుల్ని ఎత్తడానికి కొన్న యంత్రం మూలన ముసుగేసుకుని ఉండేది. వాడితే పాతబడిపోతుందట! ఏం తెలివండీ!

ఆ రాత్రి వార్డులో ఉన్నది ఒకే నర్సు. మంచం దిగబోయి ఓ పెద్దాయన కింద కూలబడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ లేవలేడు, భారీ మనిషి. ఆవిడకా, అప్పటికే నడుం పట్టేసి ఉంది. ఇంకోసారి బెణికితే ఉద్యోగం మరిచిపొమ్మని డాక్టరు తేల్చేశాడు. ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కతే.

"తెల్లారేదాకా ఇలాగే పడుంటాలే తల్లీ," అన్నాడు పెద్దాయన.

"ఊరుకోండి బాబాయ్. యంత్రం తెస్తా."

ఆయన తల కింద దిండు పెట్టి, పైకెళ్ళింది. తలుపు తోసింది...

చీకటి. కిర్ర్... కిర్ర్...

నేలకి జానెడు పైన — తెల్లగా, బరువుగా — ఏదో ఊగుతోంది. ఆవిడ గబుక్కున ఒకడుగు వెనక్కేసింది.

"అబ్బా... నడుం..." అందది.

దెయ్యానికీ నడుంనొప్పేనా? గుండె చిక్కబట్టుకుని లైటేసింది.

సూపరింటెండెంటుగారు! తెల్ల పైజామాలో, యంత్రం జోలెలో, ఉయ్యాల్లో పసిబిడ్డలా!

"బొమ్మని ఎత్తుతుంటే పట్టేసిందమ్మా," గొణిగారాయన. "రాత్రిళ్ళు ఇందులో కాసేపు వేలాడితే హాయి... ఎత్తీ దించే మీట చేతిలోంచి జారి కింద పడిపోయింది, వంగి అందుకోలేను. దించు. ఎవరికీ చెప్పకు."

భయం పోయి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ మా నడుములు విరుగుతుంటే, యంత్రం ఈయన ఉయ్యాలకా! మీట తీసి జేబులో వేసుకుంది. చక్రాల బ్రేకు వదిలింది.

"అదేంటమ్మా, దించవేం?"

"వార్డులో దించుతా సార్. కింద పడ్డ మనిషి ఈ జోలె కోసం చూస్తున్నాడు."

"అమ్మా... ఎవరైనా చూస్తే—"

"చూడనివ్వండి!"

లిఫ్టులో దింపి, వరండా పొడుగునా గడగడమంటూ తోసుకుపోయింది. నిద్రలేచిన రోగులు నోళ్ళు తెరిచారు. ఒకావిడ కెవ్వుమంది. ఆయన మొహం రెండు చేతులతో కప్పుకున్నారు.

ఆయన్ని కుర్చీలోకి దించి, జోలెని నేల మీద పరిచి, పెద్దాయన్ని పక్కకి దొర్లమని ఆయన కిందికి జరిపి మీట నొక్కింది. పెద్దాయన తేలుతూ మంచమెక్కాడు. ఆవిడ నడుం మీద వీసమెత్తు బరువు పడలేదు.

"యంత్రాన్ని మళ్ళీ పైన పెట్టించెయ్యమ్మా," అన్నారు సూపరింటెండెంటుగారు, గొంతు తగ్గించి.

"ఇక ఇది ఇక్కడే ఉంటుంది సార్."

వార్డంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన నడుం పట్టుకుని, బుద్ధిగా తలూపారు.