వెనక వరసకి వడ్డన లేదు

"ఏవండీ, మీరు మా మనిషా? విమానం వాళ్ల మనిషా?"

దుర్గాభవాని నా మొహంలోకి చూసి అన్న మొదటి మాట అది. అంతకుముందు వారం రోజులు ఒకే బస్సులో యూరప్ అంతా తిరిగాం. నేను తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఆ అమ్మాయి సీటు దగ్గర అవసరానికి మించి ఆగేవాణ్ణి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఇన్నాళ్లకి నా వైపు తిరిగింది, అదీ కడిగిపారెయ్యడానికి.

కడిగిందంటే కడగదా మరి! జరిగింది చెబితే మీకూ ఒళ్లు మండుతుంది.

నేను ఏలూరు వాణ్ణి, పేరు ఫణికిరణ్. రొయ్యల మేత కంపెనీలో సేల్స్ ఆఫీసర్ని. మా వైపు మేత కంపెనీలకి ఒక ఆనవాయితీ ఉంది. బాగా అమ్మిన డీలర్లని ఏడాదికోసారి ఫారిన్ తిప్పుకొస్తారు. డీలరుతో పాటు ఇంకొకరికి కూడా టిక్కెట్టు ఇస్తారు. ఈసారి అందరినీ చూసుకునే పని నాకు పడింది. కైకలూరులో మేత షాపు ఒంటిచేత్తో నడిపే మాణిక్యంగారు అనే పెద్దావిడ తోడుగా మేనకోడల్ని తెచ్చుకున్నారు. ఆ మేనకోడలే దుర్గాభవాని. తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీ లెక్చరర్. గొంతు పెంచితే ఆఖరి బెంచీ దాకా వినిపిస్తుంది.

తిరుగు ప్రయాణం కార్తీక సోమవారం నాడు పడింది. మాణిక్యంగారు, మరో నలుగురు డీలర్ల భార్యలు ఉపవాసం. చుక్కని చూశాకే భోజనం. పొద్దున్న హోటల్లో వాళ్లు అరటిపళ్లు, బ్రెడ్డు మూట కడుతుంటే అడ్డుపడింది ఎవరో చెప్పమంటారా? నేనే.

"ఎందుకండీ బరువు? విమానంలో రెండుసార్లు పెడతారు" అన్నాను, విమానం మా తాతగారిదైనట్టు.

మావి ఎకానమీలో చిట్టచివరి వరసలు. మా రీజనల్ మేనేజర్ రాజేష్‌గారు ముందు తెర అవతల, బిజినెస్ క్లాసులో ఉన్నారు. విమానం పైకి లేవగానే అటు నుంచి కాఫీ వాసన, వేయించిన జీడిపప్పు వాసన వచ్చాయి. తెర వాసనని ఆపలేదు కదండీ!

మా దాకా ట్రాలీ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. బయట ఎండ పెళపెళలాడుతోంది.

"అమ్మా, మాది ఉపవాసం. చీకటి పడ్డాక తింటాం. అందాకా ఈ ట్రే ఉంచుకోవచ్చా?" అని మాణిక్యంగారు అడిగారు. దుర్గాభవాని ఇంగ్లీషులో చెప్పింది.

"సారీ మేడమ్, ట్రేలు ఉంచకూడదు. తర్వాత అడగండి, తెచ్చిస్తాం" అంది ఎయిర్ హోస్టెస్.

దుర్గాభవాని ట్రే వదల్లేదు. "ఇప్పుడిచ్చేస్తే మళ్లీ ఇస్తారని నమ్మకం ఏంటి?"

అప్పుడు నేను మళ్లీ కల్పించుకున్నాను. "ఇచ్చెయ్యండి మేడమ్. ఇక్కడి రూల్ అంతే. తర్వాత వేడివేడిగా పెడతారు."

కనీసం బన్ను ముక్క కూడా ఉంచుకోనివ్వకుండా ఐదు ట్రేలూ నా చేతులతో నేనే అందించాను. మూత కూడా తియ్యని అన్నం, పప్పు, పళ్లముక్కలు అన్నీ ఎంగిలి ట్రేలలో కలిసిపోయాయి. అక్కడ కూడా నాకు కోపం రాలేదు. కోపం రాకుండా ఉంటే ప్రమోషన్ వస్తుందని నా నమ్మకం.

తూర్పుకి వెళ్తున్నాం కదా, పొద్దు తొందరగానే గూకింది. ఐదుగురు ఆడవాళ్లూ కిటికీల మీద పడ్డారు.

"అదిగోనే చుక్క!" అని మాణిక్యంగారు చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు.

దుర్గాభవాని తొంగి చూసి పకపకా నవ్వింది. "అత్తయ్యా, అది విమానం రెక్క చివర లైటు. మెరిసి ఆరుతోంది చూడు."

"మెరిసేవే కదే చుక్కలు!"

నేను వెనక సీట్లోంచి లేచి వంగాను. ఆమె కూడా అటే వంగింది. తలలు ఠక్కుమని కొట్టుకున్నాయి. "సారీ అండి" అని ఇద్దరం ఒకేసారి అన్నాం. మళ్లీ ఇద్దరం ఆ చిన్న కిటికీకే మొహాలు పెట్టాం. నీలం నల్లబడుతున్న చోట, బాగా కింద, ఒక చుక్క కనిపించింది. ఆమె వేలు అద్దం మీద పెట్టి చూపించింది. నేను చుక్కని చూడాలి. నేను ఆ వేలినే చూశాను.

"కనిపించిందా అండి?"

"బాగా కనిపించిందండి."

మాణిక్యంగారు ఈసారి అసలు చుక్కకే దణ్ణం పెట్టుకున్నారు. దుర్గాభవాని బెల్లు నొక్కింది.

ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కింది. చాలాసేపటికి ఆ ఎయిర్ హోస్టెస్ వచ్చి, "మీల్స్ సర్వీస్ క్లోజ్ అయిపోయింది మేడమ్. మిగిలినవి లేవు. మళ్లీ దిగే ముందు స్నాక్ ఇస్తాం" అంది.

దిగే ముందు అంటే ఇంకా నాలుగ్గంటలు! పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ల మీదున్న ఐదుగురికి, తలా అరగ్లాసు యాపిల్ జ్యూస్ ఇచ్చి వెళ్లిపోయింది. మాణిక్యంగారిది షుగర్ ఒళ్లు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. "నాకేం పర్లేదే" అంటున్నారు, నుదుటి మీద చెమట పోస్తోంది.

అప్పుడే దుర్గాభవాని నా వైపు తిరిగి ఆ మాట అంది. "మీరు మా మనిషా? విమానం వాళ్ల మనిషా?"

"అదికాదండి, వాళ్ల రూల్..."

"అన్నం చేతిలోంచి లాక్కోవడం రూలా? టిక్కెట్టు డబ్బులు వాళ్లు తిరిగిచ్చేశారా? మీకసలు కోపం రాదా అండీ?"

లేచి నిలబడ్డాను. నడుచుకుంటూ ముందుకెళ్లి తెర తోశాను.

అక్కడ రాజేష్‌గారు కాళ్లు చాపుకుని ఉన్నారు. ఎదురుగా తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. బల్ల నిండా పళ్లు, రొట్టెలు, పెరుగు, ఏవేవో స్వీట్లు. సగం ముట్టుకోనేలేదు.

"సార్, మన ఆడవాళ్లు ఐదుగురు పొద్దుటి నుంచి తినలేదు. మాణిక్యంగారికి షుగర్ పడిపోతోంది. మీరొక మాట చెబితే ఇక్కడి నుంచి ఏమైనా ఇస్తారు" అన్నాను.

ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "ఫణీ, నువ్విక్కడికి రాకూడదు. సీన్ చెయ్యకు. ఉపవాసం వాళ్లు పెట్టుకున్నదేగా, కాసేపు ఓర్చుకుంటారులే" అన్నారు. అని ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకున్నారు.

ఆ ద్రాక్షపండుతో నా ఓర్పు అయిపోయింది.

"వాళ్లు పెట్టుకున్నది ఉపవాసం సార్. ఇచ్చిన ట్రే వెనక్కి లాక్కున్నది విమానం వాళ్లు. వాళ్లు అమ్మిన మేతకే మీకీ సీటొచ్చింది!"

విమానం మొత్తం విని ఉంటుంది. ఆయన బల్ల మీది పళ్ల గిన్నె తీసుకున్నాను. రొట్టెల బుట్ట తీసుకున్నాను. పెరుగు కప్పులు చంకలో పెట్టుకున్నాను. ఎయిర్ హోస్టెస్‌ల సూపర్‌వైజర్ అడ్డం వచ్చి, మీ పేరు రాసుకుంటాం, దిగాక పోలీసులకి అప్పజెబుతాం అంది.

"రాసుకోండి. స్పెల్లింగ్ కావాలంటే చెబుతా. ముందు నాకు దారివ్వండి. ఆవిడ కళ్లు తిరిగి పడిపోతే ఎవరి పేరు రాసుకుంటారు?"

ఆమె పక్కకి తప్పుకుంది. ఇందాకటి ఎయిర్ హోస్టెస్ నా వెనకే నడిచి వచ్చి, తన కోసం దాచుకున్న రెండు ఇడ్లీ ప్యాకెట్లు మాణిక్యంగారి ముందు బల్ల మీద పెట్టింది. "విమానంలోకి భోజనాలు ఎక్కించేదే తక్కువండి. తిట్లు మాత్రం మాకే" అని గొణిగింది. ఆ అమ్మాయి మీద నా కోపం అక్కడితో పోయింది. తక్కువ ఎక్కించమని ఏసీ గదిలో కూర్చుని చెప్పినవాడి మీద ఇప్పటికీ పోలేదు.

ఐదుగురూ పంచుకుని తిన్నారు. మాణిక్యంగారి చెయ్యి వణుకు తగ్గింది. దుర్గాభవాని ఒక రొట్టె విరిచి నాకిచ్చింది.

"నేను మధ్యాహ్నమే తిన్నానండి" అన్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

"ఇంత అరిచారు కదా, మళ్లీ ఆకలేస్తుంది. తినండి" అని నవ్వింది. నా కోసం నవ్విన మొదటి నవ్వు.

పోలీసులైతే రాలేదు గానీ, ఏలూరు చేరిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. డీలర్ల ముందు రాజేష్‌గారి పరువు పోయిందట. ఆ డీలర్ల ముందే ఆయనకి క్షమాపణ చెప్పాలట, లేదంటే ఉద్యోగం మానెయ్యాలట. ఆ ఆదివారం డీలర్లంతా కార్తీక సమారాధనకి కలుస్తున్నారు. ఉంగుటూరులో దుర్గాభవాని నాన్నగారు బుల్లిరాజుగారి మామిడితోటలో భోజనాలు. మైకు అక్కడ ఉంటుంది.

సంగతి తెలిసి దుర్గాభవాని ఫోన్ చేసింది.

"చెప్పెయ్యండి. ఒక్క మాటే కదా" అంది.

నాకు చివుక్కుమంది. "కోపం రాదా అని అడిగింది మీరే కదండీ."

"అడిగాను. ఇప్పుడు మా మూలంగా మీ ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చోమంటారా? మీ అమ్మగారికి ఏమని చెబుతారు?"

"అంటే మీకు నేను భయస్తుణ్ణయినా పర్లేదా?"

"ఏమోనండి!" అని ఫోన్ పెట్టేసింది. ఆ 'ఏమో'ని పట్టుకుని రెండు రోజులు కొట్టుకున్నాను. ఆమెకి నేనంటే ఏమీ లేదు, జాలి పడుతోందంతే అనుకున్నాను. మా అమ్మతో చెబితే, "ఉద్యోగం సంగతి నీ ఇష్టం. ఆ అమ్మాయి ఎవరో అది చెప్పు ముందు" అంది.

ఆదివారం తోటలో చాపలు పరిచి విస్తళ్లు వేశారు. వడ్డన మొదలవబోతుంటే రాజేష్‌గారు కారు దిగి, మైకు తెప్పించి నా చేతికిచ్చారు. "త్వరగా కానియ్" అన్నారు.

దుర్గాభవాని పప్పు గిన్నె పట్టుకుని బంతి చివర నిలబడి ఉంది. చెప్పెయ్యండి అన్నట్టు తలూపింది. ఆమె కోసమే చెప్పెయ్యాలనుకున్నాను, నిజంగా.

"రాజేష్‌గారి సీటు దాకా చొరబడినందుకు, పెద్దగా అరిచినందుకు, సారీ అండి" అన్నాను.

"పళ్లు లాక్కున్నందుకు కూడా" అందించారాయన.

అక్కడ నా నోరు నా మాట వినలేదు. "అది చెప్పనండి. ఆకలికి ఒక పెద్దావిడ వణికిపోతుంటే పళ్లు తీసుకోవడం తప్పు కాదు. దానికి సారీ చెబితే రేపు ఏ చెరువు గట్టు మీదా ఎవరింట్లోనూ నేను అన్నానికి కూర్చోలేను. ఉద్యోగం మీరే ఉంచుకోండి."

మైకు కింద పెట్టేశాను. రాజేష్‌గారు విసురుగా కారు వైపు నడిచారు.

"ఎక్కడికి బాబూ?" మాణిక్యంగారు లేచి ఆయన దారికి అడ్డంగా నిలబడ్డారు. "విస్తరేశాం. ఎవరిది ఎన్నో బంతి అయినా, ఎవరి సీటు ఎక్కడైనా, వచ్చినవాణ్ణి తినకుండా పంపించడం మా ఇంటావంటా లేదు. కోపం తర్వాత పడుదువు గాని, కూర్చో."

ఆయన చెప్పులు విప్పేసి, వచ్చి నాకెదురుగా కూర్చున్నారు. ఆయన విస్తట్లో కూడా అందరితో సమానంగా అన్నం పడింది. నాకది అస్సలు నచ్చలేదు గానీ, మాణిక్యంగారితో ఎవరు వాదిస్తారు?

బుల్లిరాజుగారు నా పక్కకి వచ్చి గొంతుక్కూర్చున్నారు. నెమ్మదస్తుడు, మాట ఆచితూచి మాట్లాడతారు.

"ఉద్యోగం పోయినట్టే కదా బాబూ. ఇప్పుడేం చేస్తావ్?"

"తెలీదండి. ఇంకోటి వెతుక్కోవాలి."

ముందు వంగి పప్పు వడ్డిస్తున్న దుర్గాభవాని గరిటె గిన్నెలో పడేసి నిటారుగా నిలబడింది. కాలేజీ గొంతు తెచ్చుకుంది.

"నాన్నా, ఈయనకి ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. నాకు ఇలాంటి మనిషి ఇంకొకడు దొరకడు. నేనీయన్నే చేసుకుంటా."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి ఫోన్‌లో 'ఏమో' అన్నారు?"

"ఫోన్‌లో చెబుతారేంటండీ ఇలాంటివి? మీకు అది కూడా తెలీదా?" అని మొహం ఎర్రగా చేసుకుని కసిరింది.

బుల్లిరాజుగారు కూతుర్ని చూశారు. చెల్లెలు మాణిక్యంగారిని చూశారు. ఆవిడ తలూపారు. తర్వాత నా విస్తట్లోకి చూసి, నెమ్మదస్తుడు కాస్తా తోట అదిరేలా కేకేశారు.

"ఏరా, ఎవర్రా అక్కడ? అల్లుడిగారి అన్నంలో నెయ్యి లేదు! ఇటు పట్రండి!"