ఆకుపచ్చ దారి

ఎవరో చేతికిచ్చిన కాఫీ తాగి ఆ మనిషి కీబోర్డు మీద తల వాల్చాడు. వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. ముఖం కింద ఏ కీ పడిందో, స్క్రీన్ నిండా ‘ర’ అక్షరం వరసలు వరసలుగా పారుతూనే ఉంది. పక్క సీటువాళ్ళు కునుకు తీస్తున్నాడనుకున్నారు. టీమ్ లీడర్ వచ్చి తల పైకెత్తేదాకా ఆ అక్షరం ఆగలేదు.

డాక్టర్ గుండెపోటని రాశాడు. పోయినవాడి భార్య అదే నమ్మింది.

"పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటే గుండె ఏమవుతుందే?" అంటూ చెల్లెల్ని పట్టుకుని ఏడ్చింది.

బావ తాగిన కాఫీలో ఏం కలిసిందో ఆ చెల్లెలికి అప్పటికే తెలుసు.

వెబ్‌సైట్లు డిజైన్ చేయడం, వాటి వెనక ప్రోగ్రామ్ రాయడం, రెండూ ఆమెకు నేర్పింది బావే. ఆ తర్వాత గూఢచారి డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చిందీ ఆయనే. లోకానికి మాత్రం ఇద్దరూ సైట్లు చేసిపెట్టే ఫ్రీలాన్సర్లు. రెండు పనులూ ఒంటిచేత్తో చేస్తుందని డిపార్ట్‌మెంట్‌లో ఆమెకు ‘జమిలి’ అని పేరు పెట్టారు. అక్కకు ఈ గొడవేదీ తెలియదు.

పలకరింపుకొచ్చిన చుట్టాలు ఇంకా కదలకముందే చీఫ్ కబురు పెట్టాడు.

ప్రింటింగ్ ప్రెస్ పైన ఇరుకు గది ఆయన ఆఫీసు. కింద మెషిన్లు తిరుగుతుంటే గచ్చు అదురుతుంది. బయటికి పొక్కకూడని మాటలకి అంతకన్నా మంచి చోటు దొరకదు.

"తెర," అన్నాడు చీఫ్, ముందుమాట లేకుండా. "విదేశీ ముఠా. తుపాకులు పేల్చరు. జనం తమంతట తామే నడిచివెళ్ళి చచ్చేలా చూస్తారు."

"టార్గెట్?"

"వరద హెచ్చరికల సైటు. డ్యామ్ గేట్లు ఎత్తితే ఏ రోడ్డు మునుగుతుందో, ఏ రోడ్డున పోవాలో జనం అందులో చూసే బయల్దేరతారు. కొత్త సైటు కట్టిన కంపెనీ తెరదేనని అనుమానం."

"ఆపేయొచ్చుగా సార్?"

"పాత సైటు పీకేశారు. ఆధారం లేకుండా కొత్తదీ ఆపితే ఈ వానల్లో జనానికి దిక్కేది? మీ బావ ఆ కంపెనీలో చేరింది ఆధారం కోసమే. ఇదీ ఆఖరి మెసేజ్."

ఫోన్‌లో మూడు ముక్కలున్నాయి. కోడ్ శుభ్రం. డిజైన్ శుభ్రం. విషం మాత్రం ఉంది.

"లోపల డిజైన్ హెడ్ మన ఏజెంటే. వాళ్ళ మనిషిలా నటిస్తోంది. కోడ్‌వర్డ్ చెబితే నిన్ను చేర్చుకుంటుంది."

"బావకి కాఫీ ఇచ్చినప్పుడు ఆమె ఎక్కడుంది సార్?"

చీఫ్ డ్రాయర్‌లోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కెమెరా దాచిన దళసరి కళ్ళజోడు. రెండోది డిజైనర్లు టాబ్లెట్ మీద గీసే పెన్ను. "మీట నొక్కితే సూది దిగుతుంది. ఒట్టి మత్తుమందే," అన్నాడు.

జుట్టు బిగించి ముడేసి, ఆ కళ్ళజోడు పెట్టుకుని, జమిలి ఇంటర్వ్యూకి వెళ్ళింది. డిజైన్ హెడ్‌ని అందరూ మేడమ్ అంటారు. ఆమె గదిలోకి వస్తే పని చేసేవాళ్ళ చేతులు ఆగిపోతాయి. ముదురు నీలం సిల్కు, గుప్పుమనే సెంటు, మెడలో వెండి లాకెట్. ఆ లాకెట్ నిజానికి పబ్లిష్ కీ. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చితేగానీ సైటులో ఏ మార్పూ బయటికి వెళ్ళదు.

"ఈ అక్షరాలకి తోకలుంటే బాగుండేది," అంది జమిలి, గోడ మీది పోస్టర్ చూస్తూ.

"తోకలుంటే ఎవరో ఒకరు తొక్కుతారు," అని నవ్వింది మేడమ్. కోడ్‌వర్డ్ కలిసింది. "రేపట్నుంచి వచ్చేయ్. మీ బావ ఇక్కడే ఉన్నట్టుండి పోయాడు. పాపం, మంచివాడు."

డిజైనర్లు పై అంతస్తులో, డెవలపర్లు కింది అంతస్తులో. ఒకరి ఫైళ్ళు ఒకరికి కనబడవు. సెక్యూరిటీ కోసమని చెప్పారు. జమిలి ఒక మధ్యాహ్నం బటన్ ఒకటి సరిగ్గా రావడం లేదన్న సాకుతో కిందికి దిగింది. డిజైనర్ తనంతట తాను తమ దగ్గరికి రావడం ఆ డెవలపర్లు ఎన్నడూ ఎరగరు. మర్యాదగా కుర్చీ వేశారు.

హెచ్చరిక పేజీ తెరిపించి చదివింది. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కచోట చూపు ఆగింది. ‘ఈ దారి సురక్షితం కాదు’ అనే వాక్యంలో ‘కాదు’ని విడగొట్టి, దానికి వేరే గుర్తు తగిలించారు.

"ఇలా ఎందుకు విడగొట్టారు?"

"మీ పైవాళ్ళే అడిగారుగా," అన్నాడు డెవలపర్. "కాదు అన్న మాట లావుగా చూపిస్తారంట."

పైకి వచ్చి డిజైన్ చూసింది. ‘కాదు’ మిగతా మాటల్లాగే ఉంది. ఎవరూ లావు చేయలేదు. చేయమని డిజైనర్లని ఎవరూ అడగనూ లేదు.

రంగులూ అక్షరాలూ ఎలా కనబడాలో చెప్పే స్టైల్ ఫైలు కోసం వెతికింది. ఆఫీసులో అందరూ చూసేది ఉత్త నకలు. అసలుది ఎక్కడో విదేశీ సర్వర్‌లో ఉంది. బావ నేర్పిన అడ్డదారులన్నీ తొక్కి దాన్ని లాగింది. చివర్న రెండు లైన్లున్నాయి. గేట్లు ఎత్తిన సిగ్నల్ రాగానే ఎరుపు ఆకుపచ్చ అవుతుంది. ‘కాదు’ మాయమవుతుంది.

ఈ దారి సురక్షితం.

కోడ్ చూసేవాడికి వాక్యం పూర్తిగా ఉంది. డిజైన్ చూసేవాడికి రోడ్డు ఎర్రగా ఉంది. రెండూ అతికే చోట విషం పోశారు.

అంతలో బయట సైరన్ మోగింది. గేట్లు ఎత్తేశారు. ఆఫీసువాళ్ళు బిలబిలమంటూ మెట్ల వైపు పరుగెత్తారు. ఎదురుగా స్క్రీన్ మీద నది పక్క రోడ్డు మొత్తం ఆకుపచ్చగా మారింది.

వెనక తలుపు గడియ పడింది.

"మీ బావ కూడా ఇంతదూరం రాలేదు," అంది మేడమ్. చేతిలో చిన్న పిస్తోలు. "ఆయన నేర్పిన చదువు నీకు బాగానే ఒంటబట్టింది."

"కాఫీ ఇచ్చింది నువ్వేనా?"

"నేనే. తెరవాళ్ళకి నా మీద అనుమానం వచ్చింది. ఎవరో ఒకర్ని బలి ఇవ్వాలిగా. మీ చీఫ్‌ కూడా వద్దనలేదు." ఆమె గొంతులో కోపం గానీ, సిగ్గు గానీ లేదు.

జమిలి ఫోన్ మోగింది. అక్క.

"ఎత్తు. స్పీకర్ పెట్టు," అంది మేడమ్. "కావాలంటే మీ అక్కని ఆపుకో. ఆ ఒక్క ప్రాణం నీకు వదిలేస్తా. మిగతావాటి జోలికి రాకు."

"ఏమే, ఎక్కడున్నావ్?" అంది అక్క. "పాపని కార్లో ఎక్కించా. నది పక్క రోడ్డు సురక్షితమంట, సైటులో పచ్చగా చూపిస్తోంది. జనమంతా అటే వెళ్తున్నారు."

వెళ్ళకు అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట అంటే బేరం కుదిరినట్టే. అక్క వెనకాల వరసగట్టిన కార్లన్నిటినీ ముంచేసినట్టే.

"అక్కా, బయల్దేరే ముందు పేజీ మళ్ళీ ఒకసారి తెరిచి చూడు."

"చూశానే బాబూ, ఇప్పుడేగా..."

"నా మాట విని ఇంకోసారి చూడవే!"

మేడమ్ నవ్వింది. ఎన్నిసార్లు చూసినా పచ్చగానే ఉంటుందని ఆమె ధైర్యం. ఆ నవ్వులో పిస్తోలు రవ్వంత పక్కకి వాలింది. జమిలి చేతిలోని పెన్నుని ఆమె మణికట్టులో దించి మీట నొక్కింది. గుండు చెవి పక్కనుంచి దూసుకెళ్ళి కిటికీ అద్దం పగిలింది. మేడమ్ మోకాళ్ళ మీద కూలింది.

లాకెట్ తెంపి కంప్యూటర్‌కి గుచ్చింది. విదేశీ సర్వర్‌తో ఉన్న లింకు కోసేసింది. చేతికొచ్చిన ఎరుపు రోడ్డంతా పూసింది. ‘కాదు’ని స్క్రీన్ పట్టనంత లావు చేసింది. పబ్లిష్.

ఫోన్‌లో వానచప్పుడు. కారు ఇంజన్ చప్పుడు.

"అక్కా?"

"ఆగవే... ఇదేంటి, ఎర్రగా వచ్చింది! బాబూ, ఆపండి, కార్లు ఆపండి!" అక్క ముందు కార్లవాళ్ళ మీద అరుస్తోంది. ఆ తర్వాత హారన్లు, బ్రేకుల కీచులు, ఇంకేమీ వినబడలేదు.

జమిలి మేడమ్ పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. కొట్టుకోవడం లేదు. ఒట్టి మత్తుమందని చీఫ్ చెప్పాడు. చీఫ్ చాలా చెబుతాడు.

పచ్చ రంగు నమ్మి ముందే రోడ్డు దిగినవాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. మిగిలిన ఊరు ఎగువ దారి పట్టింది. చీఫ్ ఫోన్ చేసి అభినందనలన్నాడు. ఆమె మధ్యలోనే పెట్టేసింది.

సాయంత్రం గుట్ట మీది స్కూల్లోంచి అక్క ఫోన్ చేసింది. పాప నిద్రపోయిందట.

"బతికించింది గానీ, అదేం సైటే! ఆ ఎరుపేంటి, ఆ లావు అక్షరాలేంటి, కళ్ళు పోయేలా? మీ బావ చేసుంటే ఇంత మోటుగా ఉండేదా?"

"ఉండేది కాదక్కా," అంది జమిలి. "ఎవరో కంగారులో చేసినట్టున్నారు."