బొప్పాయి మోడు

“ఇంట్లో ఆ కాయలుండగా నాకు నిద్దర పట్టదండీ. పిల్లకి ఏదైనా అయితే?” అంది పార్వతమ్మ, భర్తకి టీ అందిస్తూ.

అచ్చయ్య రైల్వేలో రిటైరయ్యాడు. గుఢియారీ బస్తీలోని ఆ ఇంట్లో భార్య భయాలు వినడం అతనికి అలవాటే.

“కాయలు మేడమీదున్నాయి, పిల్ల కింద పడుకుంది. అవేమైనా నడిచొస్తాయేటే?”

ఆమె నవ్వలేదు. కూతురు నీలిమ పురిటికొచ్చింది. ఏడో నెల. నిరుడు ఎండాకాలం కడుపు నిలవక, పుట్టింట్లో మంచం పట్టినప్పుడు, తండ్రి తెచ్చిన బొప్పాయి పండు గింజల్ని మేడమీద నీలం డ్రమ్ములో నాటుకుంది. ఆమె అత్తారింటికి వెళ్ళాక నీళ్ళు పోసి, ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టి, మొదట్లో వరిగడ్డి కప్పి ఆ మొక్కను బతికించింది పార్వతమ్మే. అది ఎండిపోతే కూతురు ఏమైపోతుందోనని అప్పటి భయం. ఇప్పుడు దాన్నిండా పచ్చికాయలు. కడుపుతో ఉన్నవాళ్ళు పచ్చి బొప్పాయి తాకకూడదని ఆమె చిన్నప్పటినుంచీ విన్నది.

అచ్చయ్య కూరగాయలకు వెళ్ళగానే పార్వతమ్మ కత్తి తీసుకుని మేడెక్కింది.

నీలిమ వచ్చి చూసేసరికి చెట్టు నేలమీద పడి ఉంది. మోడులోంచి పాలు కారుతున్నాయి.

“నేను తింటానన్నానా అమ్మా?”

“కళ్ళెదుట ఉంటే మనసు లాగదా? భయమేసిందే.”

“నిరుడు కూడా నేనే ఏదో తిన్నానని కదా నీ అనుమానం. నోరు తెరిచి అడగలేదు, అంతే.”

నీలిమ మోడు పక్కన కూలబడింది. ఎండ ముదిరింది, వడగాలి మొదలైంది. బజారునుంచి వచ్చిన తండ్రి బతిమాలినా కదల్లేదు. కడుపుమీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయింది. ఇలాగే సొమ్మసిల్లిపోతే? పార్వతమ్మ గొడుగు తెచ్చి కూతురికి పట్టి, తాను ఎండలో నిలబడింది.

“అనుమానపడ్డాను తల్లీ. ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పినా నమ్మలేదు. తప్పంటూ లేకపోతే, మళ్ళీ అలాగే జరగొచ్చు కదా. ఆ మాట తట్టుకోలేకపోయాను.”

గ్రీన్ నెట్ గాలికి కొట్టుకుంటోంది. పార్వతమ్మ చెయ్యి లాగేస్తున్నా గొడుగు దించలేదు. చాలాసేపటికి నీలిమ మోడుమీద వేలు పెట్టి చూసింది.

“లోపల బోలుగా ఉందమ్మా. వానొస్తే నీళ్ళు దిగి కుళ్ళిపోద్ది. రెండు గ్లాసులు తే. ఒకటి దీనిమీద బోర్లిద్దాం, మళ్ళీ చిగురేస్తది.”

“రెండోది?”

“మంచినీళ్ళతో తే. దాహమేస్తోంది.”