రింగు మీది పేరు

సాయంత్రం ఐదున్నర గంటలు... అప్పుడే కటిక చీకటి!

నవంబరు నెల. మృతుల ఆదివారం. లూడెన్‌షైడ్ కొండల మీద మంచు కలిసిన వాన సన్నగా కురుస్తోంది. శ్మశానంలో సమాధుల ముందు పెట్టిన ఎర్రదీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. చలికాలంలో ఎన్నడూ వినని ఉరుము ఒకటి లోయ పొడుగునా దొర్లింది. పతకాల బేరగాడు గ్రోటె ఇంటి పొగగొట్టం మీద గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండోసారి... మూడో కూత ఎవరో గొంతు నులిమినట్టు సగంలో తెగిపోయింది!

ఓటీలియ ఆ ఇంటి నేలమాళిగ మెట్లు దిగింది. అరవై దాటిన మనిషి. పాత సైనిక పతకాన్ని చేతిలో పెడితే అది ఏ పనివాడి చేతిలో పుట్టిందో చెప్పడంలో ఆ ఊళ్లో ఆమె మాటే ఆఖరుమాట. కానీ ఈరోజు ఆమె పతకం కోసం రాలేదు. గ్రోటె సేకరణకు పట్టికలు రాయడానికి వెళ్లిన చెల్లెలు గెర్లిండే మూడు రోజులుగా ఇంటికి రాలేదు. మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. "మీ చెల్లెలు ప్రాణాలతో కావాలంటే నీ భూతద్దం పట్టుకుని రా."

కింద, నేల మీద ఇనుప రజనుతో గీసిన వలయం. దాని నడుమ ఒక కపాలం... నడినెత్తిన నల్ల కొవ్వొత్తి! వలయం అంచున కుర్చీలో గెర్లిండే. మెడలో నలుపూ తెలుపూ రిబ్బనుకు వేలాడుతున్న ఇనుప శిలువ పతకం. కళ్లలో నల్లగుడ్డు లేదు. ఆడదాని నోట్లోంచి మగవాడి గొంతు ఉరుముతోంది.

"కదలండి! ముందుకు! వెనక్కి చూసినవాణ్ణి నేనే కాల్చేస్తా!"

తడిమట్టి వాసన... తుపాకిమందు వాసన...

"రా ఓటీలియా, రా!" వలయం లోపలి నుంచి గ్రోటె నవ్వాడు. పతకాల బేరగాడే కాదు, ప్రేతాలను కట్టే మాంత్రికుడు కూడా. "పాతికేళ్లుగా సంతలో నా సరుకంతా దొంగసరుకని చాటావుగా. ఇదిగో, అసలైనది!"

"మా చెల్లిని వదిలెయ్."

"వదలాలంటే దీని ఒంట్లో ఉన్న కెప్టెన్, ఈ శిలువ అందుకున్నవాడు, నాకు లొంగాలి. ఒక్క పొద్దున మూడు వందల మందిని చావులోకి తోలినవాడు! వాడు నా చెప్పుచేతల్లో ఉంటే నాకు ఎదురెవడు? కానీ సొంత పేరుతో పిలిస్తే పలకడు. ఈ శిలువ చేసినవాడి పేరు మీద ఆన పెడితేనే కట్టుబడతాడు. రిబ్బను పట్టే రింగు మీద అక్షరాలు చదివాను. రైన్‌హోల్ట్ వెండె! అవునను, చాలు."

"తప్పయితే?"

"మీ చెల్లెలు వాడికి ఫలహారం."

ఓటీలియ మోకాళ్ల మీద కూర్చుని శిలువను వేళ్లతో పట్టుకుంది. చల్లదనానికి చర్మం అతుక్కుపోయింది. భూతద్దం పెట్టి ముందు రింగు చూసింది, తర్వాత శిలువ పైకొసన ఆ రింగు దూరే చెవిని చూసింది.

"ఈ రింగు దీనిది కాదు గ్రోటె. చెవి లోపలి అరుగుదల చూడు, ఇంతకన్నా లావు రింగుది. ఎప్పుడో ఎవరో మార్చారు. రింగు చూసి పేరు చెప్పడం నిన్నగాక మొన్న మొదలెట్టినవాళ్ల పని."

"ఏడుపు! నా దగ్గర మంచి సరుకుంటే నీ కడుపు మండుతుంది ముసలిదానా!"

"మా చెల్లి ప్రాణం మీద అబద్ధమాడతానా? ఆగు!"

ఆగలేదు. చేతులెత్తి అరిచాడు. "రైన్‌హోల్ట్ వెండె ఆన! లొంగు!"

కొవ్వొత్తి మంట నీలంగా మారింది. గెర్లిండే మెడ మెల్లగా గ్రోటె వైపు తిరిగింది.

"వెండెనా? ఎవడ్రా వాడు?"

ఆ వికటాట్టహాసానికి గోడల సున్నం రాలింది! గెర్లిండే చేతులు ఆమె గొంతునే పట్టుకుని నులమసాగాయి. "వెండె ఆన! వెండె ఆన!" గ్రోటె కేకలు పెడుతున్నాడు. కేక కేకకూ పట్టు బిగుస్తోంది!

ఓటీలియ మళ్లీ భూతద్దం పెట్టింది. నల్లటి ఇనుము చుట్టూ వెండి అంచు, అంచు పొడుగునా ముత్యాల్లాంటి చుక్కలు. కింది కొమ్ము మూలన రెండు చుక్కలు కలిసిపోయి ఉన్నాయి. శిలువ మీద కొట్టిన కిరీటం బొమ్మ కింద వెంట్రుకంత గీత... ఉక్కు అచ్చు చిట్లిన గుర్తు.

ఈ రెండు లోపాలూ కలిసి ఉండగా ఆమె ఒక్కసారే చూసింది. ఊరి మ్యూజియం సొరుగులో, సీసం మీద కొట్టిన నమూనాలో. వాల్‌బుర్గా హొల్ట్ అనే విధవరాలు కొట్టింది. ఇద్దరు కొడుకులూ వందేళ్ల కిందటి మహాయుద్ధంలో, మొదటి శీతకాలంలోనే పోయారు. ఒప్పుకున్న పని పూర్తిచేసి, అచ్చును తన సుత్తితోనే పగలగొట్టిందట. ఆమె చేసిన శిలువ ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఓటీలియ ఇరవై ఏళ్లు వెతికింది. అదే ఇది! చెల్లెలు ఊపిరాడక కొట్టుకుంటున్న ఆ క్షణంలోనూ గుండె సంతోషంతో గంతేసింది. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

"వాల్‌బుర్గా హొల్ట్ ఆన!" గొంతు చించుకుని అరిచింది. "అమ్మా, ఇది నీ చేతి పని! వీణ్ణి ఆపు!"

ధన్... ధన్...

ఆ ఇంట్లో అచ్చు యంత్రం లేదు. అయినా నేల అదురుతోంది! చీకట్లోంచి ఒక ముసలామె నడిచివచ్చింది. తోలు ఏప్రను, మోచేతుల దాకా మడిచిన చొక్కా, వేళ్ల నిండా లోహానికి మాటు వేసేటప్పుడు కాలిన మచ్చలు. ఆమెను చూడగానే కెప్టెన్ గొంతు దెబ్బలు తిన్న పిల్లాడి గొంతులా కీచుమంది, పట్టు మాత్రం వదల్లేదు. ఆమె గ్రోటె వంక చూడనైనా లేదు. అరచెయ్యి చాపింది.

తాను చేసినది తనకు కావాలి.

"నాది!" గ్రోటె వలయం దాటి దూకి శిలువను లాక్కున్నాడు. రిబ్బను గెర్లిండే మెడ దగ్గర తెగి, రెండో కొస ఓటీలియ పిడికిట్లో ఉండిపోయింది. "లోకంలో ఇలాంటిది ఇదొక్కటే! ఇవ్వను!"

నిజమే. అదొక్కటే. అది పోతే ఇరవై ఏళ్ల వెతుకులాటను ఎవరు నమ్ముతారు? పిడికిలి విప్పబుద్ధి కాలేదు... ఒక్క క్షణం... గెర్లిండే పెదాలు నల్లబడుతున్నాయి.

ఓటీలియ వదిలేసింది.

"ఇచ్చెయ్ గ్రోటె! అది ఆవిడది!"

"చస్తే ఇవ్వను!" శిలువతో వలయం నడుమకు వెనక్కి దూకాడు.

ముసలామె చాపిన అరచెయ్యి మూసింది.

ధన్!!

గ్రోటె నిలుచున్న చోట కప్పూ నేలా ఒక్క లిప్తపాటు కలుసుకున్నాయి! కేక సగంలో ఆగింది. కపాలం పిండైపోయింది. కప్పు లేచేసరికి నేల మీద మాంత్రికుడు అచ్చులో కొట్టిన రేకులా ఉన్నాడు. శిలువ లేదు. కెప్టెన్ లేడు. ముసలామె లేదు.

గెర్లిండే దగ్గింది. ఊపిరి లోపలికి పోయింది. ఓటీలియ ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుని, మెట్లన్నీ ఎక్కించి వానలోకి తెచ్చింది.

"ఎవరక్కా ఆవిడ?" గెర్లిండే గొంతు బొంగురుపోయింది.

"దాన్ని చేసినావిడ."

"నిజంగా?"

ఓటీలియ చెల్లెలి మెడ మీద కమిలిన వేళ్ల గుర్తులు కనిపించకుండా తన ఉన్ని శాలువా చుట్టింది.

"రుజువేం లేదే. నా మాటే నమ్ముకో."