నెమ్మది రెగ్యులేటర్

"ఇప్పుడు కాస్త భయపడండి," అన్నాడు డాక్టర్ ఉమాపతి.

టెస్ట్ ట్యాంకు అడుగున కూర్చున్న నూకరత్నానికి నవ్వొచ్చింది. చెబితే వచ్చేదా భయం? అయినా తెప్పించుకునే దారి ఆమెకు తెలుసు. భీమిలిలో చెల్లెలి దగ్గరున్న పిల్లల్ని తలుచుకుంది. ధన్య ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపిందో లేదో. చిన్నాడు చేపముక్కలో ముల్లు చూసుకుని తింటున్నాడో, గబగబా మింగేస్తున్నాడో. అంతే, గుండె దడదడలాడింది. ఊపిరి చిన్నదైపోయింది.

నోటి ముందున్న యంత్రం అప్పుడు మెల్లగా బిగిసింది. గాలి ఒక్క క్షణం ఆలస్యంగా, పొడుగ్గా వచ్చింది. ఆ వెనకది ఇంకా పొడుగ్గా. ఇస్త్రీపెట్టె, చేపముల్లు ఎక్కడో వేరేవాళ్ల ఇంటి సంగతుల్లా వెనక్కి జరిగిపోయాయి.

డైవర్ వీపు మీది సిలిండర్‌లో గాలిని విపరీతమైన ఒత్తిడితో కుక్కి ఉంచుతారు. దాన్ని అలాగే పీలిస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. ఆ ఒత్తిడిని తగ్గించి, పీల్చినప్పుడల్లా కావలసినంత గాలిని వదిలేదే రెగ్యులేటర్. పాత రెగ్యులేటర్లు మనిషి ఎలా పీలిస్తే అలా ఇచ్చేవి. ఉమాపతి తయారుచేసిన 'నెమ్మది' అలా కాదు. మనిషి ఊపిరి వేగాన్ని కనిపెట్టి, గాలిని ఆపి ఆపి ఇచ్చి, దాన్ని తన దారికి తెచ్చుకుంటుంది. ఊపిరి నెమ్మదిస్తే గుండె, గుండె నెమ్మదిస్తే మనసు. మందు లేదు, మాయ లేదు.

నూకరత్నం ట్యాంకులోంచి పైకొచ్చి మాస్క్ తీసింది. పొద్దుటినుంచి మూడు రెగ్యులేటర్లు పరీక్షించింది. మొదటిది పాత రకం, పీలిస్తే గొంతులో కఫం ఉన్నవాడిలా గరగరమంటుంది. రెండోది మెత్తగానే ఉంది గాని బుడగలన్నీ కళ్లకు అడ్డం పడతాయి.

"ఏది నచ్చింది?" అన్నాడు ఉమాపతి. "ఆలోచించి చెప్పండి. ఒకసారి మీ ఊపిరి నేర్చుకుందంటే ఇంకొకరికి పనికిరాదు."

"ఇది పెట్టుకుంటే పిల్లల మీద బెంగ కూడా పోతుందా సార్?"

"బెంగ పోదమ్మా. బెంగపడ్డానికి కావలసిన ఊపిరి దొరకదు. అంతే."

అండమాన్ దగ్గర సముద్రం అడుగున, ఉప్పునీటిని తాగునీరుగా మార్చే ప్లాంటులో ఆమెకు పని. భర్త పోయాక ఆ పనే ఇంటికి ఆధారం. అందరి సిలిండర్ల కంటే ఆమెది ముందు ఖాళీ అవుతుంది. కారణం అందరికీ తెలుసు. ఇలాగైతే కిందికి పంపలేమని సూపర్‌వైజర్ చెప్పేశాడు కూడా.

"నెమ్మదే ఇవ్వండి," అంది.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో, ప్లాంటులోకి నీళ్లు లాగే పెద్ద గొట్టం లోపల పాచి గీకుతోంది. వెనక ధడేలుమంది. తిరిగి చూస్తే, గొట్టం నోటికుండే ఇనుప జల్లెడ తలుపు మూసుకుపోయింది. నెట్టింది. కదల్లేదు. రెండు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలే చోటు. ముందుకు పోతే మరింత ఇరుకు.

నెమ్మది ఒకసారి బిగిసి, వదిలింది.

ఎవరో ఒకరు వస్తారులే అనుకుంది నూకరత్నం. గోడకు చేరగిలబడింది. మీటర్‌లో గాలి ముల్లు దిగడం కనిపిస్తూనే ఉంది. స్టేషన్లో కూర్చుని, తను ఎక్కని రైలు కదిలిపోతుంటే చూసినట్టు చూసింది. మాస్క్‌లోని మైకులో కంట్రోల్ రూమ్‌కి చెప్పాలనిపించింది. కాసేపయ్యాక చెబుదాంలే అనీ అనిపించింది. పైన కంట్రోల్ రూమ్‌లో, డైవర్లను కనిపెట్టుకుని ఉండే దేవదానం తెర మీద ఆమె గుండె, ఊపిరి రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి. అంత చక్కటి గీతలు ఆ వారంలో ఏ డైవర్‌వీ లేవు.

బడి వదిలే వేళకు ఇంటి కాల్ వచ్చింది. రోజూ దేవదానమే కలుపుతాడు.

"అమ్మా, ట్యూషన్‌కి వెళ్లలేదు."

"సరేలే."

ధన్య ఫోన్ చెవికి నొక్కుకుంది. "తమ్ముడు బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాడు. ఒక్కడే."

"తొక్కనీ."

"లారీలు తిరుగుతున్నాయమ్మా."

"ఊఁ."

నిజానికి తమ్ముడు పక్కనే కూర్చుని బూందీ తింటున్నాడు. ధన్య గొంతు తగ్గింది. "అమ్మా, నువ్వెక్కడున్నావ్?"

"గొట్టంలో ఉన్నానే. తలుపు పడిపోయింది."

"మరెలా వస్తావ్?"

"చూద్దాంలే."

"అంకుల్, లైన్లో ఉన్నారా?" అంది ధన్య.

"ఉన్నానమ్మా," అన్నాడు దేవదానం. "ఏం కంగారు లేదు. మీ అమ్మ అంతా పచ్చలోనే ఉంది."

"మా అమ్మ నన్ను తిట్టలేదంకుల్."

"తిట్టకపోతే మంచిదే కదా."

"మీకు తెలీదు. అమ్మకి ఏదో అయింది. ఎవర్నన్నా పంపండి."

దేవదానం అప్పుడు కెమెరా తిప్పాడు. జల్లెడ వెనక మనిషి ఆకారం కనిపించింది. గాలి ముల్లు ఎర్రగీత మీద ఉంది. కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి సైరన్ నొక్కాడు. "అక్కా, మాస్క్ పక్కన పిడి తిప్పు. అవసరానికని ఉంచిన పాత రెగ్యులేటర్‌కి మారు. భయం వస్తేగాని నువ్వు కదలవు."

"ఎందుకు? ఇదే బాగుంది."

"అమ్మా, తిప్పు," అంది ధన్య. "నా మీద ఒట్టు."

నూకరత్నం పిడి తిప్పింది, కూతురి మాట కాదనడమెందుకులే అన్నట్టు.

గరగరమంటూ పాత గాలి వచ్చింది. దాని వెంటే వచ్చింది భయం, ఇంతసేపూ బయట వరసలో నిలబడి ఉన్నట్టు. గోడలు మీదికొచ్చాయి. చావబోతున్నానని మొదటిసారి అర్థమైంది. పాచి గీకే గునపం అందుకుని జల్లెడ సందులో దూర్చి, ఒళ్లంతా వేసి తన్నింది. గాలి మూడింతలు ఖర్చవుతోంది. తలుపు బెత్తెడు లేచింది. మళ్లీ తన్నింది. అవతలినుంచి ఇద్దరు డైవర్ల చేతులు వచ్చి పట్టుకునేసరికి సిలిండర్‌లో ఆఖరి ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

విచారణలో ఉమాపతి ఉన్నమాటే చెప్పాడు. నెమ్మది లేకపోతే ఆ గాలి కాల్ వచ్చేదాకా కూడా ఆగేది కాదు. ఎవరూ కాదనలేకపోయారు. కంపెనీ నెమ్మదిని తీసేయలేదు, ఒక నియమం చేర్చింది. అది పెట్టుకున్న డైవర్ నీళ్లలో ఉన్నంతసేపూ ఇంటి మనిషి ఒకరు లైన్లో ఉండి, మాట తేడా వస్తే చెప్పాలి.

భీమిలిలో ధన్య కూర్చుంది. "అమ్మా, ముల్లెక్కడుంది? తలుపుకి అడ్డం పెట్టావా? చెప్పవేం?" కిందినుంచి తల్లి ప్రశాంతంగా జవాబులిచ్చేది. బాగానే జరుగుతోందనుకునేది.

ఒక సాయంత్రం పైకొచ్చి మాస్క్ తీసి ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తింది. "నువ్వు నీళ్లలో ఉంటే అది అన్నం ముట్టడం లేదక్కా. గోళ్లు కొరికి కొరికి వేళ్లు రక్తాలు. ఆటలూ లేవు, స్నేహితులూ లేరు. నీకు చెప్పొద్దంది."

నూకరత్నం తడిబట్టలతోనే ఉమాపతి గదికి వెళ్లింది.

"నాకు పాతది ఇచ్చేయండి సార్."

"అది పెట్టుకుంటే భయపడతారమ్మా."

"భయపడతాను. ఆ పని నాది. పన్నెండేళ్ల పిల్లది కాదు."

"నెమ్మది లేకుండా ఇంక ఎవర్నీ కిందికి పంపరు. ఆర్డర్ వచ్చేసింది." ఉమాపతి కుర్చీ చూపించాడు. అతని ముఖంలో మెచ్చుకోలు ఉంది. "మీరు దిగులుపడక్కర్లేదు. మీ ధన్య చాలా తెలివైనది. మిగతా డైవర్లు కూడా తమ లైన్లో తనే ఉండి వినాలంటున్నారు, వాళ్ల పిల్లలకు అంత శ్రద్ధ లేదట. పొద్దున తనకే ఫోన్ చేసి అడిగాం."

నూకరత్నం కూర్చోలేదు. "చిన్నపిల్ల సార్. అదేమంటుంది?"

"ఎంతమంది అని అడిగింది. పదకొండు మంది అన్నాను. సరే, అందరి పేర్లూ చెప్పండి అంది."